రెండు కాళ్ళ సాక్ష్యం

చొక్కా చేతుల మీద అతను తీర్చే మడత స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. అందుకే లాండ్రీలో అందరికీ అతను గీతన్న. పై అంతస్తు నుంచి ఊడిపడ్డ కిటికీ అద్దం ముక్క వెన్నులో దిగబడి ఆస్పత్రి పాలైన తరువాత అతనికి మిగిలిన కోరిక ఒక్కటే: మళ్ళీ తన ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడటం.

"ఒక కాలు గట్టిగా ఉంది కదయ్యా, చాలు. నువ్వేమైనా పరుగు పందేనికి వెళ్తావా?" అని యజమాని ఒప్పుకున్నాడు. ఆ గట్టి కాలికి వేడి తెలియదన్న సంగతి గీతన్న మింగేశాడు. చెబితే ఇస్త్రీ బల్ల దగ్గరికి ఎవరు రానిస్తారు?

ఆస్పత్రిలో డాక్టరమ్మ అతని వీపు మీద వేలితో గీసి మరీ చెప్పింది. కదలమనే ఆజ్ఞ మెదడు అడుగునే పక్క మారి, ఆపైన తిన్నగా అదే పక్కన వెన్నుపాములో దిగుతుంది. నొప్పి, వేడి కబుర్లు మాత్రం వెన్నుపాములో అడుగు పెట్టగానే అవతలి పక్కకు దాటి పైకి పోతాయి. అద్దం కోసింది ఎడమ సగాన్ని. కనుక ఎడమ కాలు కదలదు గాని మంట తెలుస్తుంది. కుడి కాలు కదులుతుంది గాని మంట తెలియదు.

ఇంత స్పష్టమైన సంగతి ఇంట్లోనే చెల్లలేదు. ఎడమ పాదాన్ని చీమ కుడితే అతను కేక పెట్టాడు. భార్య నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పడిపోయిన కాలికి చీమ కుట్టడం తెలిసిందా? బకెట్ ఎత్తమంటే మాత్రం పక్షవాతం! ఎవరి ముందండీ ఈ వేషాలు?"

వైకల్యాన్ని అంచనా వేసే అధికారి కూడా అంతే మర్యాదగా అదే మాట అన్నాడు. అక్కడ ప్రశ్న ఒక్కటే: చెడింది ఏ కాలు? రెండూ, చెరో రకంగా అని జవాబిచ్చినవాడు అబద్ధాలకోరు. మనిషి శరీరానికి సరిపడని ప్రశ్నను మార్చకుండా మనిషిని అనుమానించడం ఎంత సులువు!

బల్లకు కుడి పక్కన, మోకాలికి కాస్త కిందుగా, ఆవిరి పైపు ఉంది. దానికి తొడుగు వేయించడం యజమాని బాధ్యత, దయ కాదు. ఆయన మాత్రం "వేయిస్తాలే" అంటూనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం బట్టలు మడతపెట్టే అమ్మాయి ముక్కు ఎగబీల్చింది.

"అన్నా, ఏదో మాడుతోంది!"

గీతన్న కంగారుగా ఇస్త్రీపెట్టె ఎత్తి చూశాడు. చొక్కా తెల్లగానే ఉంది. మాడుతున్నది అతని పంట్లాం.

"అయ్యో, తెలీలేదా నీకు?"

"గోడకి ఆనుకున్నట్టుందమ్మా, అంతే. యజమానికి చెప్పకు."

ఆమె చెప్పలేదు. ఆపైన అతని కాలు పైపు వైపు జరిగినప్పుడల్లా "అన్నా, కాలు!" అని అరిచేది. తరువాత ఆమెను మేడ మీద గదికి మార్చారు.

అరిచే మనిషి లేక పైపు అతని కుడి పిక్కను మళ్ళీ కాల్చింది. ఆ పుండుకు మందు రాస్తూ భార్య వేలితో గట్టిగానే నొక్కింది. అతను గోడ మీది బల్లిని చూస్తున్నాడు.

"మంటగా లేదూ?"

"లేదు."

 మందు మూత పెట్టడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

మర్నాడు గీతన్న యజమానిని బల్ల అటు తిప్పించమని అడిగాడు, ఎడమ కాలు పైపు వైపు ఉండేలా. కారణం చెప్పక తప్పలేదు.

"ఏ కాలయ్యా చెడింది? ఒక్క మాట మీద నిలబడు."

"ఒక్క కాలి మీదే నిలబడ్డానండీ. ఇక మాట మీద కూడానా?"

యజమాని నవ్వాడు. నమ్మాడని కాదు, పెళ్ళి బట్టలు గుట్టగా పడి ఉన్నాయి. "ఎటు తిప్పుకుంటావో తిప్పుకో. ఒక్క చొక్కా మాడినా బయటికే."

భార్య అతని పంట్లానికి ఎడమ మోకాలి దగ్గర సంచి పిడిలాంటి పట్టీ కుట్టింది. "వేడి తగిలితే దీన్ని పట్టి లాగండి," అంది, అతని మొహం చూడకుండా.

బల్ల తిప్పాక, అప్పటిదాకా ఎదురుగా కనిపించే వీధి అతని వెనక్కి పోయింది. ఎదురుగా గోడ. కాసేపటికే ఎడమ పిక్క భగ్గుమంది. కాలు అంగుళం జరగలేదు. అతను ముందు ఇస్త్రీపెట్టెను చొక్కా మీది నుంచి తీసి నిలబెట్టాడు. తరువాతే పట్టీ అందుకుని కాలిని లాగాడు.

"ఏమైందయ్యా?" వెనక నుంచి యజమాని.

"ఏం లేదండీ," అని గోడతో చెప్పి, అతను చొక్కా రెండో చెయ్యి పరిచాడు.