గుండ్రటి అయిదు

నా ఇఖామా కార్డు మీద నేను టైపిస్టుని. కువైట్‌లో ఉండటానికీ పనిచేయడానికీ ఇచ్చే కార్డు అది. దాని మీద ఏం రాసి ఉంటే ఇక్కడ మనిషి అదే. నేను చదివింది పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా. విజయవాడలో పదమూడేళ్ళు రోడ్లకీ వంతెనలకీ డ్రాయింగులు గీశాను. ఇంజినీరని రాయించుకోవాలంటే డిగ్రీ కావాలన్నారు. సరే, టైపిస్టు వీసా మీదే వచ్చాను. చేసే పని మాత్రం మొదటి రోజు నుంచీ డ్రాయింగుల తనిఖీ.

మా ఆఫీసు అల్ రాయ్‌లో, కార్ల వర్క్‌షాపు పై అంతస్తులో ఉంది. పొద్దస్తమానం కింద సొట్టలు తీసే సుత్తి మోత. ఈ దేశంలో రైలు లేదు. వస్తుందని నేను దిగిన నాటి నుంచీ వింటున్నాను. అలాంటి చోట కూర్చుని మేము గీసేది ఎక్కడో చలిదేశపు రాజధాని నుంచి సముద్రం కింది సొరంగం దాకా వెళ్ళే హైస్పీడు రైలు మార్గం. మార్గమంతా కాదు. పెద్ద కంపెనీ నలుగురికీ పంచిన పనిలో చివరి ముక్క మా వంతుకొచ్చింది. నేల మీది పట్టాలు సొరంగం పట్టాలతో కలిసే చోటు అది. రైలు అక్కడ గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో పోతుందని చెబితే కింది మెకానిక్‌లు నవ్వారు.

ప్రతి డ్రాయింగుకీ కింద కుడి మూలన మూడు గడులుంటాయి. గీసినవారు, తనిఖీ చేసినవారు, ఆమోదించినవారు. ఒక్కో గడిలో ఒకరి పొడి అక్షరాలు పడతాయి. తనిఖీ చేసేది నేను, ఆ గడిలో పడేవి మా మేనేజరు అక్షరాలు. ఆయన హైదరాబాద్ మనిషి, బీటెక్, నాకంటే పదేళ్ళు చిన్న, కువైట్ వచ్చి ఎనిమిది నెలలు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, సరిగ్గా అదే. నేను ఎర్ర పెన్నుతో పట్టుకున్న తప్పులన్నీ ఆయన పట్టుకున్నవిగా ఆ దేశానికి వెళ్ళేవి. 'నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే' అని మా అమ్మ ఫోనులో చెప్పేది. ఈయనకు ముందున్న మేనేజరుతో కలిపి రెండేళ్ళు నోరు మంచిగానే పెట్టుకున్నాను. ఊరు మంచిదైన జాడ కనపడలేదు.

తప్పు సంగతి చెప్పాలంటే ముందు ఎత్తుల సంగతి చెప్పాలి. నేల మీది పట్టాల ఎత్తును సముద్ర మట్టం నుంచి లెక్కేస్తారు. సొరంగం ఉన్నదే సముద్రం కింద కనక అలా లెక్కేస్తే అన్నీ మైనస్‌లే వస్తాయి. ఒక మైనస్ గుర్తు ఎవరైనా మర్చిపోతే కొంపలంటుకుంటాయి. అందుకని సొరంగం వాళ్ళు తమ సున్నాను చాలా లోతున పెట్టుకున్నారు. అంటే వీళ్ళ సున్నా వేరు, వాళ్ళ సున్నా వేరు. రెండూ కలిసే చోట ఆ తేడా ఎంతో ఒక్క అంకె సరిగ్గా తెలియాలి. మా నాన్న రైల్వేలో పెయింటరు. స్టేషన్ల పసుపుపచ్చ బోర్డుల మీద ఊరి పేరు రాసి, కింద సముద్ర మట్టానికి ఎంత ఎత్తో రాసేవాడు. "ఏ సముద్రం నాన్నా?" అని అడిగితే, "ఎవరూ అడగనిది నువ్వే అడుగుతావే" అని విసుక్కునేవాడు. ఆ అడిగే అలవాటు నాకు పోలేదు.

మా ఆఫీసులో ఆ తేడాను లెక్కగట్టింది సీనియర్ ఇంజినీరు, ఈజిప్టు ఆయన. సెలవు మీద ఊరెళుతూ ఆ అంకెను చిన్న కాగితం మీద రాసి మేనేజరుకిచ్చి పోయాడు. ఆయన అంకెలు ఎప్పుడూ అరబ్బీలోనే రాస్తాడు. మేనేజరు దాన్ని చూసి తొంభైతొమ్మిది పాయింట్ మూడు సున్నా అని కంప్యూటర్లో కొట్టాడు. ఆ అంకె మీదే పదకొండు షీట్లు తయారయ్యాయి.

గురువారం మధ్యాహ్నానికి అవి పంపాలి. పొద్దున చివరి షీటు తనిఖీ చేస్తుంటే రెండు పట్టాలూ కలవలేదు. ఒకటి పైన, ఒకటి కింద, మధ్యన అయిదు సెంటీమీటర్లు. మూడుసార్లు లెక్క వేశాను. అప్పుడు ఆ కాగితం తెప్పించుకుని చూశాను. చివరనున్నది '٥'. చూడగానే నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది.

ఎందుకంటే ఆ గుండ్రటి అంకె చేతిలో నేను కూడా మోసపోయాను. వచ్చిన కొత్తలో అబూ హలీఫాలో పదిహేనో నంబరు బిల్డింగు కోసం పెట్టె ఈడ్చుకుంటూ ఎండలో తిరిగాను. '١٥' అని ఉన్న గేటు ముందు నుంచి మూడుసార్లు పోయాను, అది పదో నంబరనుకుని. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. మెట్ల మీద కూర్చుని చూస్తున్న ఒక కడపామె నన్ను ఆపింది. సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనిచేస్తుంది, శుక్రవారం సెలవుకి ఆ బిల్డింగులో ఉన్న వదిన దగ్గరికి వస్తుంది.

"యాడికి పోవల్లక్కా? ఇట్నే మూడు తూర్లు పోతివి."

చెప్పాను. పకపకా నవ్వింది.

"అది సున్నా కాదుక్కా, ఐదు. ఈళ్ళకు సున్నా అంటే ఉత్త చుక్కే. మా మామా చిన్నబిడ్డ హోంవర్కు కాడ కూచ్చొని నేర్చుకున్న్యా."

మామా అంటే ఆమె పనిచేసే ఇంటావిడ. ఐదో తరగతి దాకా చదివిన మనిషి నాకు కువైట్‌లో మొదటి పాఠం చెప్పింది. ఆ తర్వాత ఇద్దరం స్నేహితులమయ్యాం.

కాగితం పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళాను. "సార్, ఇది సున్నా కాదు, అయిదు" అన్నాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"గుండ్రంగ ఉన్నది సున్నా కాకపోతె ఏంది మేడమ్? అయినా ఐదు సెంటీమీటర్లకు ఏమైతది, సైట్‌ల సదురుకుంటరు. పంపేయండి."

"మూడొందల స్పీడులో వచ్చే రైలుకి రెండంగుళాల మెట్టు కడతారా సార్?"

ఆయన మొహం ఎర్రబడింది. "చెకింగ్ నా బాధ్యత. బాక్స్‌ల ఉండేది నా ఇనీషియల్స్. మీ ఇఖామా మీద ఏముందో యాద్ చేసుకోండి. మీరు టైపిస్టు."

అప్పుడు నాలో ఏదో తెగింది. మా ఆఫీసులో డ్రాయింగులు పంపే లాగిన్ నా ఒక్కదాని పేరు మీదే ఉంది. పంపడం గుమాస్తా పని అని ఆయనే నాకు అంటగట్టాడు.

"అవునండీ, టైపిస్టునే. పంపేది టైపిస్టు పని. నేను పంపను."

"కఫీల్‌తోని మాట్లాడుత. వచ్చే నెల కదా మీ రెన్యువల్?"

కఫీల్ అంటే మా ఇఖామాలకు పూచీ ఉన్న యజమాని. ఆయన వద్దంటే ఖలాస్, సామాను సర్దుకోవడమే. భయమేసింది, ఎందుకు దాచాలి? విజయవాడలో నా కూతురు ఇంజినీరింగు రెండో ఏడు చదువుతోంది, తన చదువుకి ఈ జీతమే ఆధారం. కానీ ఆ భయం ఆయనకి కనపడనివ్వలేదు. అక్కడే నిలబడి ఈజిప్టు ఆయనకి ఫోను కలిపి స్పీకర్లో పెట్టాను. వెనకాల కోళ్ళ అరుపులు. చివరి అంకె ఏమిటని అడిగాను.

"ఖంసా!" అన్నాడు. అయిదు. "ఖంసా, యా ముహందిసా!"

ముహందిసా అంటే ఇంజినీరు. ఆ మాట ఆయన నన్నే అన్నాడు.

మేనేజరు అంకె మార్చాడు. పదకొండు షీట్లూ మళ్ళీ తీసి మధ్యాహ్నం దాకా తనిఖీ చేశాను. అన్నం తినలేదు. అన్నీ కలిశాయి. ఆయన కుర్చీలోంచి లేవకుండానే, "ఎప్పటిలెక్కనే నా ఇనీషియల్స్ పెట్టి పంపండి, యల్లా" అన్నాడు, ఏమీ జరగనట్టు. 'ఊఁ, కానివ్వు' అనే ఆ 'యల్లా' నాకు చెంప మీద కొట్టినట్టయింది.

"మీరు తనిఖీ చేయలేదు కదండీ. నేను చేశాను."

"క్లయింట్ దగ్గర చెకర్స్ లిస్టున్నది. అందుల మీ పేరు లేదు."

"అయితే గడి ఖాళీగా పోతుంది."

ఖాళీగానే పంపాను, ఆయన కళ్ళ ముందే. ఎందుకో ఆయన ఆపలేదు. గడువు మించిపోతుందనే భయం నాకంటే ఆయనకే ఎక్కువనుకుంటాను.

మర్నాడు శుక్రవారం కడపామె వచ్చింది. అంతా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూసింది.

"నీకేమన్నా పిచ్చాక్కా? రెండచ్చరాల కోసరమా? నిన్ను ఇంటికి పంపిచ్చే, పాప సదువు ఏం గావల్ల?"

"అవి నా అక్షరాలే."

ఆమె గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత తన మామా వంట సంగతి చెప్పింది. విందుకొచ్చిన ఆడవాళ్ళు బిర్యానీ మెచ్చుకుంటే మామా 'నేనే వండాను' అంటుందట. ఆ పక్కనే ఈమె గ్లాసులు అందిస్తూ నిలబడుతుందట. "తొమ్మిదేండ్లాయ. ఒగనాడన్నా నోరు తెరిస్తినా నేను?" అంది. నన్ను తిడుతోందో తనను తిట్టుకుంటోందో నాకు అర్థం కాలేదు. పోయేటప్పుడు మాత్రం గుమ్మంలో ఆగి, "ఇంగ ఎనక్కి తగ్గాకుక్కా" అంది.

ఆదివారం పొద్దున్నే ఆఫీసు తెరిచేసరికి ఆ దేశం నుంచి శుక్రవారమే వచ్చిన ఉత్తరం ఉంది. షీట్లు బాగున్నాయి, కానీ తనిఖీ గడి ఖాళీగా ఉంది, తనిఖీ చేసినదెవరు? తనిఖీదారుల జాబితా చదువు వివరాలతో సహా కొత్తగా పంపండి, అని రాశారు. మేనేజరు నా కుర్చీ వెనకొచ్చి నిలబడ్డాడు. ఈసారి గొంతు తగ్గింది.

"మేడమ్, లొల్లి వద్దు. నా పేరే టైపు చేయండి. మీ రెన్యువల్ సంగతి నేను జూస్త."

ఇఖామా ఒక చేతిలో, నా రెండక్షరాలు ఇంకో చేతిలో. బేరం అంత తేటగా ఎప్పుడూ తెలియలేదు. ఒక్క క్షణం నా కూతురు కళ్ళ ముందు కదిలింది. రేపు అది డిగ్రీ పుచ్చుకుని ఇలాంటి ఏదో గదిలో కూర్చుంటే, దాని పని మీద ఎవడి అక్షరాలు పడాలి?

మా ఆఫీసులో జాబితాలు టైపు చేసేది నేనే. ఆయన చూస్తుండగానే చేశాను. తనిఖీ చేసినవారు: నా పూర్తి పేరు. చదువు: సివిల్ డిప్లొమా. ఇఖామా ప్రకారం ఉద్యోగం: టైపిస్టు.