ట్రేలో పరిచిన నీలం స్కార్ఫు

మేము కాశీకి ఎక్కిపోయిన విమానాల కంపెనీ మూతపడిందన్న కబురు నాకు మొదట చెప్పింది మా తోడికోడలు. పొద్దున పూజకు పూలు తెంపుతుంటే ప్రహరీ అవతలి నుంచి, ఎవరో పాత చుట్టం పోయినట్టుగా మెల్లగా చెప్పింది. విమానంతో మన తరం వాళ్లకు చుట్టరికమేమిటని మీరు నవ్వుకోవచ్చు గాని, నేను పూలబుట్ట పక్కన పెట్టి కాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో మా బాపు కాలం చేశారు. నన్ను బడికి పంపలేకపోయినా, పానగల్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించి, స్తోత్రాలు నా అంతట నేను చదువుకునేదాకా తెచ్చిన మనిషి. తన అస్థికలు గంగలో కలపమన్నది ఆయన మమ్మల్ని అడిగిన ఒకే ఒక్క కోరిక. పదోరోజు లోపల పోయి రావాలంటే రైలుకు వ్యవధి చాలదు. ఏ విమానమో నన్నే తేల్చమని అన్న ఫోను నా చేతిలో పెట్టాడు. ఒక కంపెనీకి చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనడమే తప్ప మనిషి గొంతు వినబడలేదు. ఇంకొకరు నా మాట పూర్తికాకముందే పెట్టేశారు. మూడో కంపెనీ అమ్మాయి మాత్రం నేను తడబడుతూ అడిగినదంతా ఓపికగా విని, చిన్న మట్టికుండే అయితే చేతిలో తెచ్చుకోండమ్మా అన్నది. ఆ ఓపిక చూసే దాన్ని ఎంచుకున్నాను. కుండలో ఏముందో మాత్రం చెప్పలేదు. ప్రయాణానికి ముందు, అందులోనూ పరాయివాళ్ల దగ్గర, చావు మాట ఎత్తకూడదని మా అవ్వ నేర్పిన పద్ధతి.

శంషాబాదు విమానాశ్రయంలో ఆ పద్ధతే మా మెడకు చుట్టుకుంది. గుడ్డతో మూతి కట్టిన కుండను చూసి కౌంటరులోని పిల్ల, ఇది పగులుతుంది, పెద్ద సామానులో వేయండి అన్నది. గంగ చేరేదాకా నేలకు తాకకూడని కుండ. గుండెకు హత్తుకుని నిలబడ్డాను గాని నోరు పెగలలేదు.

“ముందుగాల్నే చెప్పొద్దా చెల్లె? సిగ్గుపడనీకి గిదేమన్న పెండ్లి సారెనా?” అని కసురుకుంటూ అన్న మరణ, దహన ధ్రువపత్రాలు తీసి ముందు పెట్టాడు.

“గీ కుండల మా బాపు ఉన్నడు బిడ్డా,” అన్నాను.

ఆ పిల్ల లేచి నిలబడ్డది. పై అధికారితో మాట్లాడి ఒప్పించి, తనిఖీ దాకా మా వెంట నడిచింది. అక్కడ కుండను ట్రేలో పెట్టి యంత్రంలోంచి పంపక తప్పదన్నారు. ఆ ట్రేను ఎందరి చెప్పులు తాకాయో అని కుండను దించబోయి మళ్లీ పైకెత్తుకున్నాను. అది చూసి ఆమె తన మెడలోని నీలం స్కార్ఫు విప్పి ట్రేలో పరిచింది.

“మాది ఆలేరు పెద్దమ్మా. మేం చర్చికి పోయేటోళ్లం, మీ పద్ధతి నాకెరుకలేదు. నా చేతులనుకొని పెట్టు జర. అవతల నేనే అందుకుంట.”

అన్నట్టే అవతలికి పోయి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో అందుకుని నాకిచ్చింది. బాపు గంగలో కలిశారు. పదోరోజుకు మేము ఇల్లు చేరాము.

ఇప్పుడు మా కోడలు ఎవరెవరో మార్కుల్లాగా ఇచ్చిన చుక్కలు లెక్కచూసి, ఏ విమానం మంచిదో ఫోనులోనే తేలుస్తుంది. విమానాశ్రయంలో చీటీ కూడా యంత్రమే ఇస్తుంది. సుఖమే, కాదనను. కాని నోట మాట రాక నిలబడ్డవాళ్ల మొహం చూసి, లేచి నిలబడేదెవరు? ఆనాటి తొందరలో ఆమె పేరైనా అడగలేదు. కంపెనీ మూతపడ్డాక ఆమె బతుకుదెరువు ఏమైందో తెలియదు. దీపం పెట్టినప్పుడల్లా ఆలేరు పిల్ల అనే తలుచుకుంటాను. మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా సరే, ఈ పూట మీ ప్రార్థనలో ఆమెను ఒక్కసారి తలుచుకోండి.