నలభై ఏడో నంబరు జెర్సీ

బాల్టిమోర్ ఊరవతల మైదానంలో ఏటా జూలైలో మూడు రోజులు హైస్కూలు అమ్మాయిలకు లక్రాస్ క్యాంపు, అంటే వలకర్రలతో బంతి పట్టి విసిరే ఆట క్యాంపు, జరుగుతుంది. ఆ మూడు రోజులూ వెర్నా పొకోర్నీ మాటకు తిరుగులేదు. ఇరవయ్యారేళ్లుగా జెర్సీల బల్ల ఆవిడదే. తల్లులెవరైనా వచ్చి మా పిల్లకు కలిసొచ్చే నంబరివ్వండి అంటే, "కలిసిరావాల్సింది కాళ్లమ్మా, వీపు కాదు" అని చేతికందింది ఇచ్చి పంపేది.

కాలేజీ కోచ్‌లు గుడారం నీడలో మడతకుర్చీలు వేసుకుని చూస్తారు. వాళ్లకు పిల్లల పేర్లు తెలియవు, వీపు మీది నంబరే తెలుసు. ఏ నంబరు ఎవరిదో రాసిన జాబితా వెర్నా తయారుచేసి ఇస్తుంది. నచ్చిన నంబర్లు చీటీల మీద రాసి పంపితే, ఆ పిల్ల స్కూలూ మార్కులూ అందజేస్తుంది. ఆపైన, కాలేజీలు పిల్లలకు కబురు చేయడానికి నియమం ఒప్పుకునే సెప్టెంబరు ఒకటిన, ఇళ్లల్లో ఫోన్లు మోగుతాయి. మోగని ఇళ్లూ ఉంటాయి.

ఈసారి మొదటిరోజు మధ్యాహ్నం పదకొండు చీటీలొచ్చాయి. తొమ్మిదింటి మీద ఒకటే నంబరు, నలభై ఏడు. ఎడమచేతి వాటం, గాల్లో బంతిని దోచేస్తోంది, ఎవరీ పిల్ల అని ఒక కోచ్ రాసి, కింద గీత కూడా గీశాడు.

వెర్నా చీటీలు మళ్లీ తిరగేసింది. నలభై ఏడు ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు. ఇరవై నాలుగేళ్లుగా ఇవ్వడం లేదు. పెట్టె అడుగున చెయ్యి పెట్టి ఆ జెర్సీ బయటికి లాగింది. అది తడిసి ఉంది. చెమట వాసన వేస్తోంది. ఎడమ భుజం మీద పచ్చగడ్డి మరక ఇంకా ఆరలేదు.

రెండోరోజు తనే వెళ్లి గట్టున నిలబడి చూసింది. మైదానంలో ఎడమచేత్తో ఆడుతున్న పిల్ల ఒక్కతే ఉంది. డండాక్ నుంచి వచ్చిన రోరీ, నంబరు ఇరవై రెండు. ఆ పిల్ల స్కూలు వైపు ఏ కాలేజీ కోచ్ తొంగిచూడడు. నలుగురి కంట పడాలంటే ఆమెకున్నది ఈ మూడు రోజులే. రోరీ వలకర్ర చాచి బంతి లాక్కున్నప్పుడల్లా కోచ్‌లందరూ ఒక్కసారి తలలు తిప్పారు, రాసుకున్నారు. చీటీలు మాత్రం నలభై ఏడుకే వచ్చాయి. ఇరవై రెండు ఒక్కదాని మీదా లేదు.

రోరీ తల్లి క్రిస్టా. ఒకప్పుడు ఆమె కూడా ఈ మైదానంలోనే ఎడమచేత్తో ఆడింది.

ఇరవై నాలుగేళ్ల కిందట జాబితాలో నలభై ఏడుకెదురుగా బ్లేర్ అనే పిల్ల పేరుండేది. జెర్సీ వదులుగా ఉందని బ్లేర్ గునిస్తే, వెర్నా ఆమెకు పన్నెండు ఇచ్చి, ఆలస్యంగా వచ్చిన పదహారేళ్ల క్రిస్టాకు నలభై ఏడు తొడిగింది. జాబితా దిద్దడం మరిచిపోయింది. నలభై ఏడు మీద వచ్చిన చీటీలన్నిటికీ బ్లేర్ వివరాలే వెళ్లాయి. గుర్తొచ్చేసరికి కోచ్‌లు కార్లెక్కి వెళ్లిపోయారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పొచ్చు. చెబితే బల్ల పోతుంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. బ్లేర్‌కు పెద్ద కాలేజీలో చోటూ స్కాలర్‌షిప్పూ వచ్చాయి, ఇప్పుడీ క్యాంపు నడిపేది ఆవిడే. క్రిస్టా డండాక్ సూపర్‌మార్కెట్టులో చేపలు కోస్తుంది. చచ్చినవాళ్లే తిరుగుతారని ఎవరన్నారో గానీ, క్రిస్టా నిక్షేపంలా బతికే ఉంది. దెయ్యంలా ఈ మైదానంలో తిరుగుతున్నది ఆమె పదహారేళ్ల ప్రాయం.

మూడోరోజు పొద్దున్నే వెర్నా బ్లేర్ గదిలోకెళ్లి అంతా కక్కేసింది.

"ఆ సెప్టెంబరులో నాకు పదమూడు ఫోన్లొచ్చాయి, మిస్ వెర్నా. అందరూ నా ఎడమచేతిని తెగ పొగిడారు. నాది కుడిచేతి వాటం."

"అయితే నీకు తెలుసన్నమాట. చెప్పలేదేం?"

"మీరెందుకు చెప్పలేదు?"

వెర్నా తలుపు వైపు తిరిగింది. బ్లేరే మళ్లీ అంది, "ఆ ఏడాదంతా గోడకేసి ఎడమచేత్తో బంతి కొట్టాను. ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టే ఉండేది. ఇప్పటికీ ఉంటుంది."

మధ్యాహ్నం చివరి ఆట. క్రిస్టా కంచె దగ్గర ఐసుగోళా పట్టుకుని నిలబడి ఉంది. వెర్నాను చూసి నవ్వింది.

"మిస్ వెర్నా, దాచకుండా చెప్పండి. మా రోరీ గురించి ఎవరైనా అడిగారా? అడక్కపోతే పోనీలెండి. నన్నూ ఎవరూ అడగలేదుగా. మా ఇంటా వంటా అంత ఆట లేదేమో."

ఇంకెవరో కాదు, వెర్నాయే ఈ మాట క్రిస్టా నోట్లో పెట్టింది. ఉన్నదున్నట్టు చెప్పింది, జాబితా సంగతీ, ఇప్పటి చీటీల సంగతీ.

కరిగిన ఐసు క్రిస్టా మణికట్టు మీదుగా కారిపోతోంది.

"ఎంతమంది అడిగారు నన్ను?"

"పదమూడుమంది."

"వారం వారం నా దగ్గరికొచ్చారు మీరు. రొయ్యలు తాజావేనా అని అడిగేవారు."

"అడిగాను."

"ఇంకేమీ చెప్పాలనిపించలేదా?"

వెర్నా తల దించుకుంది. తల ఎత్తేసరికి క్రిస్టా మైదానంలోకి చూస్తోంది. రోరీ మైదానానికి అడ్డంగా గీసిన గీత దగ్గర నిలబడి ఉంది. ఈ ఆటలో గీత లోపల, గోలు వైపు, జట్టుకు ఏడుగురే ఉండాలి, ఒకరు గీత దాటి బయటికొస్తేనే బయటివాళ్లు లోపలికెళ్లాలి. ఎవరూ రావడం లేదు. వెర్నా రోరీ జట్టును లెక్కపెట్టింది. పన్నెండు. నిజానికి ఒకమ్మాయి కాలు బెణికి అప్పటికే బెంచీ మీద కూర్చుంది, బదులు దిగేవాళ్లు లేరు, పదకొండుమందే ఉండాలి. మళ్లీ లెక్కపెట్టింది. పదకొండు. మూడోసారి లెక్కపెట్టే ధైర్యం లేకపోయింది.

"అదిగో, జుట్టు అప్పట్లాగే ఎగ్గట్టుకుంది. ఎంత బాగా ఆడుతోంది," అంది క్రిస్టా మెల్లగా.

ఆవిడ చూస్తున్న చోట వెర్నాకు గడ్డి తప్ప ఏమీ కనిపించలేదు.

క్రిస్టా కంచె మీదికి వంగి కేకేసింది. "నలభై ఏడూ, బయటికి రా తల్లీ. బాగా ఆడావు. అందరూ చూశారు. ఇక చాలు, రా."

ఎవరూ రాలేదు. గాలి లేకపోయినా గీత దగ్గర గడ్డి వరసగా వంగి లేచింది. రోరీ ఎవరో తట్టినట్టు ఎడమ భుజం తడుముకుని, వెనక్కి ఒకసారి చూసి, లోపలికి పరుగెత్తింది.

ఆ సాయంత్రం ఎనిమిది చీటీలొచ్చాయి. ఏడింటి మీద ఇరవై రెండు ఉంది. వెర్నా రోరీ పేరూ, స్కూలూ, మార్కులూ ఒకటికి మూడుసార్లు సరిచూసి రాసిచ్చింది. ఆపైన ఇంకో కాగితం మీద ఇరవై నాలుగేళ్ల నాటి తేదీ వేసి, నలభై ఏడు ఎదురుగా క్రిస్టా వొలిన్స్కీ అని రాసి, తన సంతకం పెట్టి, బ్లేర్ చేత కూడా సంతకం చేయించి తెచ్చి బల్ల మీద పెట్టింది.

క్రిస్టా దాన్ని చదివింది. తీసుకోలేదు.

"ఆ జెర్సీ ఇవ్వండి."

వెర్నా ఇచ్చింది. క్షమించమని అడగబోయి, బల్ల మీది చీటీలు సర్దింది. క్రిస్టా జెర్సీని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నా చెమటే," అంది. "ఉతకాలి."

మడతపెట్టి చంకలో పెట్టుకుని, కూతురిని పిలుచుకుని కారు వైపు నడిచింది. కనిపించినప్పుడల్లా వెళ్లొస్తానండి మిస్ వెర్నా అనే మనిషి, ఈసారి ఆ మాట అనలేదు.