అత్త చూసిన తుపాకుల సినిమా

మా మేనత్త జన్మలో చూసిన ఒకే ఒక్క ఇంగ్లీషు సినిమా నాతోనే చూసింది. అప్పుడు ఆవిడ సంచిలో పురుగుల మందు డబ్బా ఉంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. నేను ఏలూరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. మామయ్య పోయాక ఆకివీడు దగ్గర చేపల చెరువు అత్తే చూసుకునేది. పక్క చెరువాయన దాన్ని తనకి లీజుకిచ్చెయ్యమని వెంటపడ్డాడు. "ఆడమనిషికి ఈ గట్ల మీద తిరుగుడెందుకండీ" అనేవాడు, ఎంతో జాలిపడుతున్నట్టు. అత్త ఇవ్వనంది. ఆ వేసవిలో ఓ పొద్దున్న చెరువులో చేపలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలాయి. మందు కలిపారు. ఆయన మా గట్టు దిగి వెళ్ళడం కాపలావాడు కళ్ళారా చూశాడు గాని, నలుగురిలో చెప్పడానికి వాడికి నోరు రాలేదు.

పాస్టరుగారు ఇంటికొచ్చి క్షమించమన్నారు. "క్షమిస్తానండీ. ముందు ఆయన్ని వచ్చి అడగమనండి" అంది అత్త. పక్క చెరువాయనదీ మా చర్చే, ముందు వరసలో కూర్చుంటాడు.

ఆకివీడులో కొంటే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుందని, మందు కోసం ఏలూరు వచ్చింది. డబ్బా నాకు చూపించి, "ఆయన చెరువూ తేలాలే" అంది. పొయ్యమనే అన్నాను. ఇప్పుడు తలుచుకున్నా నాకేం సిగ్గు లేదు. మనిషి కష్టమంతా గట్టు మీద కుళ్ళి కంపు కొడుతుంటే నీతులెవరికి గుర్తొస్తాయి?

బస్సుకి ఇంకా చాలా టైముంది. ఎండ మాడ్చేస్తోంది. దారిలో సినిమా హాలు గోడ మీద పోస్టరు: టోపీ పెట్టుకుని, తుపాకి పట్టుకుని ఒకడు కళ్ళు చిట్లించి చూస్తున్నాడు. అత్త ఆగిపోయింది.

"వీడికేం కోపమే?"

"అన్నని చంపినవాడి మీద పగట, అత్తా."

"అయితే పద."

ఇంగ్లీషు సినిమా మార్నింగ్ షోకి మా వైపు ఆడవాళ్ళు వెళ్ళరు. ఆడవాళ్ళ కౌంటరు తెరవనే లేదు. "దీనికి ఆడవాళ్ళు రారండి" అన్నాడు టికెట్లాయన. "వచ్చాం కదండీ, తియ్యండి" అంది అత్త. తీశాడు. లోపల మగాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. అత్త వాళ్ళందరి కేసి ఓసారి చూసి, సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని దర్జాగా కూర్చుంది.

మాటలు నాకే సగం అర్థం కాలేదు. ఆవిడకి వాటితో పని లేకపోయింది. దుమ్ము, గుర్రాలు, చెమట కారే మొహాలు. చివరికి పగవాడు దొరికాడు. తొట్టి దగ్గర వంగి నీళ్ళు తాగుతున్నాడు. వెనకనుంచి కాల్చేస్తే అయిపోయేది. తమ్ముడు కాల్చలేదు. కేకేసి పిలిచాడు, వాణ్ణి ఇటు తిరగనిచ్చాడు. ఊరంతా తలుపులేసుకుని కిటికీల్లోంచి చూస్తుంటే, ఇద్దరూ ఎండలో ఎదురెదురుగా నిలబడ్డారు.

"చూశావుటే, మొహం చూపించాడు" అంది అత్త గట్టిగా. "మన పక్క చెరువాయన చీకట్లో దొంగలా వచ్చాడు. నేనూ అలాగే పోవాలా?"

ముందు సీట్లోంచి ఎవరో ఉష్‌మన్నారు. "మీరు చూడండి నాయనా, నాకు అర్థమైపోయింది" అంది.

బయటికొచ్చి నేరుగా పురుగుమందుల షాపుకి నడిచింది. సీలు తియ్యలేదండి, వెనక్కి తీసుకోండి అంది. అమ్మిన సరుకు వెనక్కి తీసుకోనన్నాడు షాపాయన. అత్త షాపు ముందు బల్ల మీద కూర్చుని, వచ్చిన రైతుకల్లా, "ఈ మందుతో నాకు పని లేకుండా పోయిందండీ" అని చెప్పడం మొదలుపెట్టింది. మందు పనిచెయ్యలేదనుకుని రైతులు వెనక్కి తిరుగుతుంటే, ఆయన పరుగున వచ్చి డబ్బా తీసుకున్నాడు.

చెరువులో మళ్ళీ చేపపిల్లని వదిలింది. పట్టుబడి రోజుకి నేనూ వెళ్ళాను. చేపలు పట్టిన రోజు గట్టు పక్కవాళ్ళకి కూరకో చేప ఇవ్వడం మా కొల్లేటి వైపు ఆనవాయితీ. ఇస్తే కాదనకూడదు, కాదంటే తెగతెంపులే. మందు కలిపిన ఏడు ఇవ్వడానికి చేపే లేదు.

పక్క చెరువాయన తన గట్టు మీద నిలబడి మా వల కేసే చూస్తున్నాడు. అత్త అన్నిటికన్నా పెద్ద బొచ్చె చేపని ఏరి, రెండు చేతులా పట్టుకుని, ఆ ఎండలో గట్టు వెంబడి ఆయన దగ్గరికి నడిచింది. వలవాళ్ళు లాగడం ఆపేశారు. ఐసు పెట్టెలు దించుతున్న లారీవాళ్ళూ ఆగిపోయారు.

"ఆ ఏడు మీరు మందు కలిపారు కదండీ, కూరకి చేప ఇవ్వలేకపోయాను. ఈసారి తీసుకోండి" అంది, అందరికీ వినపడేలా.

"నేను కలపలేదు" అనొచ్చు ఆయన. అనలేదు. అత్త చేతులు చాచుకునే నిలబడింది. చివరికి ఆయన చేతులు ముందుకొచ్చాయి. ఆ చేప గిలగిల్లాడి తోకతో ఒక్కటిచ్చింది, తెల్లచొక్కా నిండా బురద.

"లాగండర్రా, ఎండెక్కుతోంది" అంటూ అత్త వెనక్కి వచ్చింది. నాకు గర్వంతో ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ప్రతి పట్టుబడికీ ఆయనకి చేప వెళ్ళింది, ఆ మందు మాటతో సహా. ఆయన ఇప్పటికీ క్షమించమని అడగలేదు. అత్త ఇవ్వడం మానలేదు.