గురువారం బయల్దేరే బస్సు

పెద్దల పంక్తిలో కూర్చుంటే మనమూ పెద్దలమవుతామని మా కాలేజీలో చాలామంది నమ్మకం. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ పంక్తి ఎంత దూరాన వేశారో, అక్కడికి చేరేలోగా ఎవరు వెనకబడతారో అడిగేవారు అరుదు.

మార్లిస్ హ్రుష్కా మా అమ్మాయిల సాఫ్ట్‌బాల్ జట్టుకు ఇరవై ఏళ్లకు పైగా కోచ్. గొప్ప కోచ్ అనలేను. ఆమె జట్లు గెలిచినన్నిసార్లూ ఓడాయి. జట్టులో సగంమంది నర్సింగ్ విద్యార్థినులు. శుక్రవారం మధ్యాహ్నం దాకా వారికి ఆసుపత్రిలో శిక్షణ. అది తప్పితే ఏడాది చదువు దండగ. తమలో తాము పోటీలాడుకునేందుకు కొన్ని కాలేజీలు కట్టుకున్న మా పాత కూటమిలో అన్నీ అమెరికాలోని తూర్పు నెబ్రాస్కాలోనే, రెండు గంటల ప్రయాణంలో ఉండేవి. అందుకని మార్లిస్ బస్సును ఆసుపత్రి వెనక గుమ్మం దగ్గర ఆపించి పిల్లలను ఎక్కించుకునేది. కదిలే బస్సులోనే వారు జట్టు చొక్కాలు తొడుక్కునేవారు.

ఆ వసంతంలో, డకోటాల నుంచి కొలరాడో దాకా వందల మైళ్లు పరుచుకున్న ఒక పెద్ద కూటమి మా కాలేజీని తనలో చేరమంది. క్రీడల డైరెక్టర్ గారెట్ కోచ్‌లందరినీ పిలిచి అభిప్రాయం అడిగాడు. అందరూ సరేనన్నారు. మార్లిస్ వంతు వచ్చింది.

“బస్సు ఎప్పుడు బయల్దేరాలి?” అంది ఆమె.

“గురువారం మధ్యాహ్నమండీ.”

“శుక్రవారం మా పిల్లలు ఆసుపత్రిలో ఉంటారు కదయ్యా.”

“నర్సింగ్ చదవని వాళ్లని చూసుకోండి మార్లిస్ గారూ. పెద్ద కూటమంటే ఎగబడి వస్తారు.”

“వచ్చేవాళ్ల సంగతి సరే. ఉన్నవాళ్లని ఏం చెయ్యమంటావ్, జాడీలో ఊరేసుకోనా?”

ఫుట్‌బాల్ కోచ్ నవ్వాడు. “ఉండనీ మార్లిస్, మాకు దెబ్బలు తగిలితే కట్లు కడతారు.”

“ముందు నీ నోటికి కట్టిస్తాలే.”

ఆమె ఒక్కతే వద్దంది. చేరాలన్న తీర్మానం నెగ్గింది.

వారం తిరక్కుండా బ్రిన్ ఆమె గదికి వచ్చింది. బ్యాట్ పట్టినవారికి బంతి విసరడంలో జట్టులో ఆ పిల్లను మించినవారు లేరు.

“కోచ్, నర్సింగ్ మానేస్తా. వేరే ఏదైనా చదువుతా.”

“మీ అమ్మకి చెప్పావా?”

“లేదు. ముందు మీరు సరేనంటే చెప్తా.”

సరేనంటే జట్టు నిలబడుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఒకరు తమ బతుకును మన చేతిలో పెట్టబోతే, చెయ్యి చాచకుండా ఉండడమూ మనిషిని అలసట పెట్టే పనే.

“సరేనని నేననను,” అంది మార్లిస్. “వెళ్లి చదువుకో. ఇక్కడాడే ఆటలకి రా.”

“మరి బయటాడే ఆటల్లో బంతి ఎవరు విసురుతారు?”

“ఎవరో ఒకరు. నీకెందుకే ఆ గోల?”

మార్లిస్ రాజీనామా చేయలేదు. నర్సింగ్ పిల్లలనెవరినీ జట్టు నుంచి తీసేయలేదు, చదువు మానమనలేదు. సొంత మైదానంలో వారిని ఆడించింది. దూరపు ఆటలకు మిగిలిన తొమ్మిదిమందితో గురువారం బస్సెక్కింది. ఎప్పుడూ బంతి విసరని, మూడో బేస్ దగ్గర కాపు కాసే అమ్మాయి చేత బంతి విసిరించింది. జట్టు కొత్త కూటమిలో అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడాదీ ఆమె అలాగే చేసింది.