సలీం భాయ్ ఇంటి ప్లానులో మనిషి

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయే మనిషిని నేను. భయంతో కాదు, విసుగుతో. పడమటి గదిలో ఏదో తిరుగుతోందని మా అత్తగారు హడలిపోతుంటే టార్చి పట్టుకెళ్లి పందికొక్కును చూపించినదాన్ని. ఇప్పటికీ ఆ విషయంలో మారలేదు. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

తొంభైల చివర్లో మావారికి కొత్తూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చింది. తెనాలి నుంచి వచ్చి షంషాబాద్‌లో ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. అప్పటికి అక్కడ విమానాశ్రయం లేదు, వస్తుందట అన్న మాట మాత్రం ఉండేది. ఆ మాటకే ఊళ్లో ఇళ్లు లేవడం మొదలైంది. బెంగళూరు రోడ్డు మీద, ఒక సిమెంటు దుకాణం పైన, మధుసూదన్ గారని ఒక సివిల్ ఇంజనీరు ఆఫీసు ఉండేది. నాకు కంప్యూటర్లో బొమ్మలు గీయడం వచ్చు కాబట్టి అక్కడ చేరాను.

సిటీలోని ఆర్కిటెక్టులు ఇళ్ల డ్రాయింగులు ఫ్లాపీల్లో పంపేవారు. వాటిని మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేసి, శుభ్రం చేసి, గోడలు లేపి, కట్టాక ఇల్లు ఎలా ఉంటుందో రంగుల్లో చూపించాలి. అదీ నా పని. అందులో శుభ్రం చేయడమే ఎక్కువ. ఇంపోర్ట్ అయిన ఫైలు ఎప్పుడూ తిన్నగా రాదు. గీత మీద గీత పడి ఉంటుంది. మూలల్లో గీతలు కలవవు, కలవకపోతే గోడ లేవదు. అడుగులకూ మిల్లీమీటర్లకూ తేడా పడితే ఇల్లు అగ్గిపెట్టంత అయిపోతుంది.

సలీం భాయ్‌ది బస్టాండు దగ్గర మోటార్లు బాగుచేసే షాపు. దాని వెనక వీధిలో సొంత స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నారు. ఆయన ఇంటి ముందు భాగం డ్రాయింగ్ ఇంపోర్ట్ చేసినప్పుడు గేటు పక్కన ఒక మనిషి బొమ్మ వచ్చింది. భుజానికి సంచి, ఎడమ మోచెయ్యి బయటికి వంగి ఉంది. నాకేమీ వింతగా అనిపించలేదు. ఇంటి ఎత్తు తెలియడానికి పక్కన మనిషిని గీయడం ఆర్కిటెక్టులకు అలవాటే. చెయ్యి మాత్రం ఇంపోర్ట్‌లో గీత విరిగి అలా వచ్చిందనుకున్నాను. మోడల్‌లో అలాంటి బొమ్మ కాగితం కత్తిరించి నిలబెట్టినట్టు ఉంటుంది. పక్కకు తిప్పితే ఉత్త గీత. అనవసరమని తీసేశాను.

మార్పులు చేసిన ఫ్లాపీ మళ్లీ వచ్చింది. ఈసారి ఆ మనిషి వరండా మెట్ల మీద ఉన్నాడు. అదే సంచి, అదే చెయ్యి.

ఫ్లాపీతో పాటు కాగితం మీద ప్రింటు కూడా వస్తుంది. తీసి చూశాను. అందులో మనిషి లేడు. మధుసూదన్ గారికి చూపించాను. ఆయన ఆర్కిటెక్టు ఆఫీసుకు ఫోన్ చేశారు. తాము మనుషుల్ని గీయలేదనీ, తమ కంప్యూటర్లో ఆ ఫైలు తెరిచి చూసినా ఎవరూ లేరనీ వాళ్లు చెప్పారు.

"వైరస్ అయ్యుంటదమ్మా. తీసేసి పని కానియ్యి," అన్నారు ఆయన. నేనూ అదే అనుకున్నాను. కొత్త ఫ్లాపీ కొనుక్కొచ్చి దానిలో మళ్లీ తెప్పించారు కూడా. మెట్ల మీద మనిషి మెట్ల మీదే ఉన్నాడు.

తర్వాత ఇంటిని నిలువుగా కోసి లోపలి గదుల ఎత్తులు చూపించే డ్రాయింగ్ వచ్చింది. ఆ పూట సలీం భాయ్ వాళ్ల అమ్మను వెంటబెట్టుకొచ్చారు. పునాది తీయకముందే ఇల్లు చూడాలని ఆవిడ పట్టుబట్టిందట. నేను అప్పుడే ఇంపోర్ట్ చేశాను, ఇంకా శుభ్రం చేయలేదు. ఆవిడ కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంది. నేను మోడల్‌ని మెల్లగా తిప్పాను.

హాల్లో, మేడమెట్ల కింద, అతను నిలబడి ఉన్నాడు.

ఆవిడ తెర మీదికి వంగింది. "జహంగీర్," అంది, పక్కగదిలోంచి ఎవరో వస్తే పలకరించినట్టు.

సలీం భాయ్ ముఖం మాడిపోయింది. "అమ్మీ, అది మనిషి గాదు. కంప్యూటర్ల బొమ్మ."

"గా చెయ్యి జూడు. చిన్నప్పుడు లారీ మీదికెళ్లి పడలే? సక్కగ అతకలే. గట్లనే ఉంటది వానికి."

సలీం భాయ్ నా వైపు తిరిగారు. "మా అన్న సంగతి మీకెవలు చెప్పిండ్రు మేడం?"

మీకు అన్న ఉన్నాడనే నాకు తెలియదండీ అన్నాను. అది నిజం. మాకు తెలిసి ఆవిడకు సలీం భాయ్ ఒక్కడే కొడుకు. తండ్రి పోయాక షాపు విషయంలో అన్నదమ్ములు కొట్టుకున్నారని, ఈ గడప తొక్కొద్దని సలీం భాయే అన్నారని, పెద్దవాడు ఆ రోజు ఇల్లు వదిలి వెళ్లి మళ్లీ రాలేదని మధుసూదన్ గారికి తెలిసింది కూడా ఆ తర్వాతే.

"తీసేయుండ్రి దాన్ని," అన్నారు సలీం భాయ్.

ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. "వద్దు బిడ్డా. ఇప్పుడే ఇంట్లకొచ్చిండు. ఉండనీ."

ఎవరి మాట వినాలో తోచలేదు. మధుసూదన్ గారు కళ్లతో సైగ చేశారు, తీసెయ్యమని. నాకు చేతులు రాలేదు. బొమ్మను విడిగా ఒక లేయర్ మీదికి, అంటే వేరే పొర మీదికి మార్చి, ఆ లేయర్ కనబడకుండా ఆపేశాను. హాలు ఖాళీ అయింది.

"పోయిందండీ," అన్నాను.

"యాడికి పోయిండు?" అని అడిగింది ఆవిడ. సలీం భాయ్ ఆవిడను లేవదీసి మెట్లు దింపుకుంటూ తీసుకెళ్లిపోయారు.

ఇల్లు లేచింది. గోడలకు ప్లాస్టరింగ్ జరుగుతుండగా కిటికీల పైన సజ్జా ఎత్తు దగ్గర మేస్త్రీకీ సలీం భాయ్‌కీ పేచీ వచ్చింది. ప్రింటు పట్టుకుని మధుసూదన్ గారు బయల్దేరుతుంటే నేనూ వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. మేం మాట్లాడుకుంటూ ఉండగా గేటు పక్కన, ఇసుక కుప్ప దగ్గర, ఒకతను వచ్చి నిలబడ్డాడు. భుజానికి సంచి. ఎడమ మోచెయ్యి బయటికి వంగి ఉంది.

నేను మధుసూదన్ గారి వైపు చూశాను. ఆయన అప్పటికే అతన్నే చూస్తూ చేతిలో ప్రింటు మడిచేస్తున్నారు.

సలీం భాయ్ వాళ్లమ్మ ఆ పక్కింట్లోనే కిరాయికి ఉండేది. ఎవరో చెబితే వచ్చింది. ఏడవలేదు, ఆశ్చర్యపోలేదు. "లోపటికి రా. ఎండల నిలవడ్డవేంది?" అంది.

అతను లోపలికి వచ్చాడు. తిన్నగా మేడమెట్ల కిందికి వెళ్లి, తడి ఆరని గోడ మీద అరచెయ్యి పెట్టాడు. "ఈడ కిటికీ ఉండాలె గద?" అన్నాడు.

అక్కడ కిటికీ లేదు. మొదటి డ్రాయింగుల్లో ఉండేది. ఆ వైపు పొరుగువాళ్ల గోడ మరీ దగ్గరని పునాదులకు ముందే తీసేశారు. ఆ కిటికీ కాగితం మీదా నా కంప్యూటర్లోనూ తప్ప ఎక్కడా లేదు. సలీం భాయ్ మెట్ల మీద కూలబడి రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నారు. కాసేపటికి అన్న వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు.

కొన్నాళ్లకు జహంగీర్ ఒక్కడే మా ఆఫీసుకొచ్చాడు. ఔరంగాబాద్ దగ్గర ఒక దాబాలో పనిచేసేవాడట. "కండ్లు మూస్తే ఇల్లు కనవడేది అక్కా. మొదలు గేటు కాడ ఉంటి. మల్ల మెట్ల మీద. ఆఖరికి లోపట. పరేషాన్ అయిపోయిన. పోయి చూద్దామని బండెక్కిన," అన్నాడు. హాల్లో కనబడిన సంగతి వాళ్లమ్మ చెప్పి ఉండొచ్చు. గేటు సంగతీ మెట్ల సంగతీ నాకూ మధుసూదన్ గారికీ, ఫోన్లో విన్న ఆర్కిటెక్టు ఆఫీసువాళ్లకూ తప్ప ఎవరికీ తెలియవు. ఊళ్లో మేమెవరితోనూ అనలేదు.

కంప్యూటర్లో ఇల్లు చూపించమన్నాడు. చూపించాను. చాలాసేపు చూశాడు. వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగాడు.

"ఇంట్లకెళ్లి మల్ల బయటికి పోయినట్టు యాడనన్న కనవడ్డనా అక్కా?"

"లేదండీ," అన్నాను.

అతను ఊపిరి పీల్చుకుని మెట్లు దిగిపోయాడు. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ కిటికీ తీసేసిన తర్వాత వచ్చిన ఆఖరి ఫ్లాపీలో గేటు దగ్గర, మెట్ల మీద, హాల్లో, మేడ మీద, అంతా వెతికాను. అతను ఎక్కడా లేడు. ఆ మాట అతనికి చెప్పలేదు. దాని అర్థం ఏమిటో నాకు తెలిస్తేగా చెప్పడానికి.

మేము షంషాబాద్‌లో ఉన్నంతకాలం జహంగీర్ ఆ ఇంట్లోనే ఉన్నాడు. తమ్ముడితో కలిసి షాపులో కూర్చునేవాడు. తర్వాత మావారికి బదిలీ అయి వచ్చేశాం. ఇప్పుడు విమానాశ్రయం వచ్చింది, ఆ రోడ్డున ఎన్నోసార్లు కారులో వెళ్లాం. బస్టాండు దగ్గర ఆపమని అడగాలనిపిస్తుంది. ఇంతవరకూ అడగలేదు.