తీగలక్క లెక్క

మనుషులతో రెండు మాటలు మాట్లాడాలంటే ఆమెకు ముచ్చెమటలు పట్టేవి. ల్యాబులో ఆమెను అందరూ తీగలక్క అనేవారు. తీగలు కుట్టడం ఆమె పని.

భూమి అడుగున ఒక పొడవాటి గొట్టంలో కణాలు ఢీకొంటాయి. అక్కణ్నుంచి చెదిరిన తునకలు ఏ దారిన పోయాయో పసిగట్టడానికి గొట్టం చుట్టూ సిలికాన్ పలకలు పేరుస్తారు. తపాలా బిళ్లకంటే కాస్త పెద్దదైన ఒక్కో పలకలో లక్షకు పైగా గళ్లు. తునక ఏ గడిని తాకిందో పలక కింది చిప్పుకు తెలుస్తుంది. ఆ కబురు బయటికి రావాలంటే చిప్పు అంచు నుంచి వెంట్రుకకంటే సన్నటి అల్యూమినియం తీగలు రెండు వందలు కుట్టాలి. మైక్రోస్కోపుకు కళ్లు ఆనించి, చేత్తో నడిపే యంత్రం మీద పద్నాలుగేళ్లుగా కుడుతోంది ఆమె.

భర్త దర్జీ. "నా కుట్టు ఊడితే వీధంతా నవ్వుతుంది. నీ కుట్టు ఊడినా దేవుడిక్కూడా కనబడదే," అని ఆటపట్టించేవాడు.

"ఈసారి చూడండి. గొట్టాన్ని ఆనుకుని ఉండే మొదటి వరుసలోకి పోతాయి నావి."

ఆమె ఆశంతా ఈసారి కుడుతున్న నలభై పలకల మీదే. ఇన్నాళ్లూ కుట్టినవన్నీ పరీక్షలకే సరిపోయాయి. నిజంగా కిందికి దిగేవి ఇవే, ఆఖరివీ ఇవే. తర్వాత తనంతట తానే కుట్టే యంత్రం వస్తోంది. ఆమె చూపూ మందగించింది. మాస్కు వేసుకుంటే ఊపిరి ఆవిరి కటకానికి పట్టి, ఉన్న చూపు కూడా మసకేసేది. చెబితే కుర్చీలోంచి లేపేస్తారు. అందుకని ఎవరూ చూడకుండా మాస్కు గడ్డం కిందికి లాగేది. వరుస తప్పకుండా ఒక్కో తీగనూ పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకునేది.

వెనక బల్ల దగ్గర పలకలకు జిగురు పూసే జిగురాయన తల తిప్పకుండానే, "ఏంటక్కా జపమా? మాక్కూడా కాస్త పుణ్యం పెట్టు," అనేవాడు.

పంపేముందు పలకల్ని చలిపెట్టెలో పెట్టి పరీక్షించారు. లోపలి చలి తగ్గకముందే దాని తలుపు తీయడంతో పలకల మీద పల్చటి చెమ్మ కూర్చుంది. మామూలుగా అది ఆరిపోయేదే. వారం తర్వాత చూస్తే తీగల మొదళ్ల దగ్గర తెల్లటి పొడి, పాత బ్యాటరీకి పూసినట్టు.

ఇన్‌ఛార్జి మేడమ్ అందర్నీ పిలిచింది. "ఉత్త చెమ్మకి ఇలా పూయదు. ఎవరిదో నోటి తుంపర పడింది. అందులోని ఉప్పు కొన్నేళ్లకు తీగల్ని తినేస్తుంది. జిగురాయనా, మీరేనా? రోజంతా వాగేది మీరే."

"అయ్యో మేడమ్, నా నోరు పెద్దదే, మాస్కు అంతకన్నా పెద్దది!"

ఎవరూ నవ్వలేదు. తీగలక్క వైపు ఎవరూ చూడనూ లేదు. నోరు విప్పని మనిషి మీద అనుమానం ఎందుకొస్తుంది?

"నేనే మేడమ్," అంది ఆమె. "మాస్కు దించి లెక్కపెట్టుకున్నాను."

"ఎన్నింటికి?"

"అన్నిటికీ."

మేడమ్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నలభై పలకలూ పక్కకు పోయాయి. మొదటి వరుసకు వేరేచోటి నుంచి తెప్పించారు.

"దిగాయా నీ పలకలు?" అన్నాడు భర్త ఆ సాయంత్రం.

"లేదండీ."

అతను కుట్టుమిషను ఆపాడు. "ఊడదీసి మళ్లీ కుట్టలేవా?"

"బట్ట కాదండీ."

కొత్త యంత్రం వచ్చేదాకా ఆమెకొక పని ఇచ్చారు. తన తీగల్నే చిన్న కొక్కెంతో లాగి, ఎంత బరువుకు తెగుతాయో చెప్పాలి. ఐదు గ్రాములు ఓర్చుకుంటే తీగ పాసయినట్టు. జిగురాయన పక్కన కూర్చుని రాసుకుంటున్నాడు. మొదటిది తొమ్మిదికి తెగింది. రెండోది తొమ్మిదిన్నర. పొడి అంటని మూడోది పది.

"ఉక్కు తీగలక్కా ఇవి! కాస్త గట్టిగా చెప్పు, వినబడట్లేదు. ఆ మాస్కు తీసెయ్, ఇంకెందుకూ?"

ఆమె తీయలేదు. ముక్కు మీదికి ఇంకాస్త లాక్కుంది. కటకం మసకబారింది. ఆ మసకలోనే తడుముకుంటూ నాలుగో తీగకు కొక్కెం తగిలించింది.